డంబెల్స్‌తో ఎత్తిన బరువుల లెక్క ఎలా రాసుకోవాలి

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తా కాంటా ఎక్కిన వెంటనే దడువాయి తూకం చెబుతాడు, ఆ అంకె అప్పటికప్పుడే కాగితం మీదికి ఎక్కుతుంది. సాయంత్రం తీరిగ్గా గుర్తు తెచ్చుకొని రాస్తామంటే ఏ రైతూ ఒప్పుకోడు. అదే రైతు కొడుకు హన్మకొండలో చదువుకుంటూ రోజూ పొద్దున ఆరు గంటలకు జిమ్‌కు వెళ్తుంటాడు. పోయిన వారం షోల్డర్ ప్రెస్ (భుజాల దగ్గరి నుంచి డంబెల్స్‌ను తల మీదికి ఎత్తే కసరత్తు) ఎంత బరువుతో చేశావని అడిగితే మాత్రం "పదో, పన్నెండున్నరో" అంటాడు. ఆ మాట దగ్గరే చాలామంది నెలల తరబడి ఆగిపోవడం నేను చూశాను. వారి కష్టంలో లోపమేమీ ఉండదు, చేసిన కష్టానికి లెక్క మాత్రం ఉండదు.

అయితే అంకె రాసినంత మాత్రాన లెక్క సరిపోదు. నాలుగేళ్ళ క్రితం నేను హన్మకొండలో ఉన్నప్పుడు నా పుస్తకంలో "ఇంక్లైన్ ప్రెస్ 17.5 × 10" అని రాసుకొని ఉంది, అంటే వాలు బెంచ్ మీద పడుకొని 17.5 కిలోల డంబెల్స్‌ను పదిసార్లు పైకి నెట్టానని. ఉద్యోగరీత్యా కరీంనగర్ వెళ్ళాక అక్కడి జిమ్‌లో అదే బరువు తీసుకొని బెంచ్ మీద పడుకున్నాను. ఆ బెంచ్ పాతదానికన్నా బాగా నిటారుగా ఉందన్న సంగతి నేను పట్టించుకోలేదు. బెంచ్ నిటారైన కొద్దీ బరువు ఛాతీ మీది నుంచి భుజం మీదికి మారుతుంది. ఆరోసారికే చేతులు వణుకుతున్నా, పుస్తకంలో పది ఉంది కాబట్టి పది చేయాల్సిందేనని పట్టుబట్టాను. ఏడోసారి ఎడమ భుజంలో ఏదో పట్టేసినట్టయింది, మూడు వారాలపాటు ఆ చేత్తో నీళ్ళ బకెట్ ఎత్తలేకపోయాను. ఆ రోజు నుంచి నేను రాసే ప్రతి వరుసకూ ఒకే పరీక్ష పెట్టుకున్నాను. ఆరు వారాల తరువాత ఆ వరుసను చూసి, ఎవరినీ అడగకుండా, అదే సెట్‌ను (ఆగకుండా వరుసగా ఎత్తిన సార్లన్నీ కలిపి ఒక సెట్టు) అచ్చంగా మళ్ళీ చేయగలగాలి. కింద చెప్పేదంతా ఆ పరీక్షలో నిలిచే విధంగా రాయడం గురించే.

ముందుగా పుస్తకం

చేతికి ఇమిడే 200 పేజీల గీతల నోటుబుక్కు, ఒక బాల్‌పెన్ను, ఒక పెన్సిలు చాలు. జెల్ పెన్ను వద్దు, చెమట చేయి తగిలితే ఆ సిరా అలుక్కుపోయి 8 కాస్తా 3 అవుతుంది. ఫోనులో రాసుకునేవారిని నేను తప్పుపట్టను. కానీ సెట్టుకూ సెట్టుకూ మధ్య ఫోను చేతిలోకి వస్తే రెండు నిమిషాల విరామం ఏడు నిమిషాలు అవుతుందని, విరామం మారితే తరువాతి సెట్టు అంకె కూడా మారుతుందని అనుభవం మీద చెబుతున్నాను. ఫోనే కావాలనుకుంటే దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి రాసుకోండి, వారానికొకసారి మరొక చోట నకలు దాచుకోండి.

చాలామంది రోజుకొక పేజీ పెడతారు. నేను కసరత్తుకొక పేజీ పెట్టమంటాను. ఊళ్ళో కిరాణా దుకాణంవారి ఉద్దెర పుస్తకాన్ని గుర్తు తెచ్చుకోండి: ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ ఉంటుంది కాబట్టే ఎవరి బాకీ ఎంతో ఒక్క చూపులో తెలుస్తుంది. అలాగే డంబెల్ రో (ముందుకు వంగి డంబెల్‌ను నడుము వైపు లాగేది) కసరత్తుకు ఒక పేజీ, గోబ్లెట్ స్క్వాట్‌కు (డంబెల్‌ను ఛాతీ దగ్గర పట్టుకొని కూర్చొని లేచేది) ఒక పేజీ ఉంటే, ఈ రోజు రాయబోయే వరుసకు సరిగ్గా పైనే పోయినసారి వరుస కనబడుతుంది. రోజువారీ పేజీలైతే దాని కోసం నాలుగు పేజీలు వెనక్కి తిప్పాలి, చెమట చేతులతో ఆ పని ఎవరూ ఎక్కువ రోజులు చేయరు. పుస్తకం మొదటి పేజీలో కసరత్తుల పేర్లు, వాటి పేజీ సంఖ్యలు విషయసూచికలాగా రాయండి.

తరువాత తూకం

డంబెల్ మీద ఉన్న అంకెను చూసీ చూడగానే రాయకండి. మొదట అది కిలోలా, పౌండ్లా అన్నది తేల్చుకోండి. మన జిమ్‌లలో ఎక్కువగా రెండున్నర కిలోల తేడాతో 2.5, 5, 7.5, 10 వరుసలో డంబెల్స్ ఉంటాయి కానీ, కొన్ని చోట్ల దిగుమతి చేసుకున్న పౌండ్ల సెట్ కూడా అదే స్టాండు మీద కలిసిపోయి ఉంటుంది. ఒక పౌండు 0.4536 కిలోకు సమానం. ఆ లెక్కన 20 పౌండ్లంటే 9.07 కిలోలు, 25 పౌండ్లంటే 11.34 కిలోలు, 30 పౌండ్లంటే 13.6 కిలోలు. ఏ కొలతలో ఎత్తినా పుస్తకంలో మాత్రం కిలోల్లోనే రాయండి. మార్చడానికి సమయం లేకపోతే అంకె పక్కన "పౌం" అని రాసి, ఇంటికి వెళ్ళాక మార్చుకోండి.

ఇంట్లో రాడ్డు, ప్లేట్లు ఉన్న డంబెల్స్‌తో చేసేవారు ఇక్కడ కాస్త ఆగాలి. మార్కెట్లో బస్తా బరువును తరుగు కింద తీసేస్తారు. డంబెల్ విషయంలో లెక్క తిరగబడుతుంది: రాడ్డు బరువును తీసేయకూడదు, కలపాలి, ఎందుకంటే మీ చేయి రాడ్డును కూడా మోస్తోంది. వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లోనూ ఇదే నియమం. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం గెలిచినప్పుడు, ఆ అంకెల్లో బార్ బరువు, ప్లేట్లను బిగించే కాలర్ల బరువు కూడా కలిసే ఉన్నాయి.

నా ఇంటి డంబెల్స్‌ను ఒక మధ్యాహ్నం, బేరాలు లేని వేళ చూసి, వీధి చివరి కిరాణా దుకాణానికి తీసుకెళ్ళి ఎలక్ట్రానిక్ కాంటా మీద పెట్టించుకున్నాను. 14 అంగుళాల రాడ్డు రెండు నట్లతో కలిపి 1 కిలో 850 గ్రాములు తూగింది. "5 కిలోలు" అని అచ్చు వేసిన నాలుగు ప్లాస్టిక్ ప్లేట్లలో ఒకటి 4 కిలోల 720 గ్రాములు ఉంటే, మరొకటి 5 కిలోల 60 గ్రాములు ఉంది. లోపల సిమెంటు నింపిన ప్లేట్లలో ఈ మాత్రం తేడా ఉంటుంది, దాన్ని చూసి బెంగపడనక్కర లేదు. చేయాల్సిన పని ఒక్కటే: ప్రతి ప్లేటు మీద గోళ్ళ రంగుతో ఒకటి, రెండు, మూడు, నాలుగు చుక్కలు పెట్టి, ఏ చుక్కల ప్లేటు ఎంత తూగిందో పుస్తకం అట్ట లోపలి వైపు రాసుకోవాలి. తరువాత కుడి ఎడమ డంబెల్స్ దాదాపు సమానంగా వచ్చేలా ప్లేట్లను జత కట్టి, ఎప్పుడూ అదే జతను వాడాలి. అప్పటివరకు నేను "పది కిలోలు" అనుకొని ఎత్తింది నిజానికి పదకొండున్నర దాటింది. ఇంట్లో పది సులువుగా ఉంటే జిమ్‌లో పన్నెండున్నరకు వెళ్ళవచ్చా అని తేల్చుకోవడానికి ఆ కిలోన్నర తేడా చాలా అవసరం.

ఒక చేతిదా, రెండు చేతులదా

మా తమ్ముడు రెండు చేతుల బరువు కలిపి రాస్తాడు, నేను ఒక చేతిది రాస్తాను. ఇద్దరి పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుంటే అతను నాకన్నా రెట్టింపు ఎత్తుతున్నట్టు కనబడేది. ఏ పద్ధతీ తప్పు కాదు, రెండూ కలగలపడం మాత్రం తప్పు. డంబెల్ మీద కనబడే అంకె ఒక్కదానిదే కాబట్టి ఒక్క డంబెల్ బరువు రాయడమే తేలిక. ఈ నియమాన్ని మొదటి పేజీలోనే "ఈ పుస్తకంలో బరువంటే ఒక డంబెల్ బరువు" అని రాసి పెట్టండి. గోబ్లెట్ స్క్వాట్‌లో రెండు చేతులతో ఒకే డంబెల్ పట్టుకుంటాం కనుక అక్కడ "ఒక్కటి 20" అని రాయాలి. ఒక కాలు ముందుకు వేసి మోకాలు వంచి లేచే లంజెస్‌లో "10" అంటే కాలికి పదా, రెండు కాళ్ళకూ కలిపి పదా అన్నది కూడా అలాగే తేల్చి రాయాలి. ఒక చేత్తో చేసే రో, కర్ల్ (మోచేయి మడిచి డంబెల్ ఎత్తడం) వంటివాటికి కుడి, ఎడమ విడివిడిగా రాయండి. బలం తక్కువ ఉన్న చేత్తో మొదలుపెట్టి, ఆ చేయి ఎన్నిసార్లు చేస్తే రెండో చేత్తో అన్నేసార్లు చేసి ఆపండి. విడిగా రాసుకుంటేనే రెండు చేతుల మధ్య తేడా తగ్గుతోందో లేదో తెలుస్తుంది.

ఒక వరుసలో ఏమేమి ఉండాలి

మారనివన్నీ పేజీ తల మీద ఒక్కసారి రాయాలి, మారేవన్నీ వరుసలో ప్రతిసారీ రాయాలి. నా ఇంక్లైన్ ప్రెస్ పేజీ ఇప్పుడు ఇలా ఉంటుంది:

ఇంక్లైన్ ప్రెస్. బెంచ్ కింది నుంచి 2వ రంధ్రం, నిటారులో మూడోవంతు వాలు. డంబెల్ ఛాతీ పక్కకు దిగేవరకు. విరామం 2 నిమిషాలు.

3-6: (7.5 × 10) 12.5 × 12, 11, 9. మిగులు 2, 1, 0.
7-6: (7.5 × 10) 12.5 × 12, 12, 10. మిగులు 2, 1, 1. రాత్రి నిద్ర తక్కువ.
11-6: (7.5 × 10) 12.5 × 12, 12, 11+1సా. మిగులు 2, 1, 0.

వరుస మొదట్లో ఉన్నది తేదీ, 3-6 అంటే జూన్ 3. బ్రాకెట్‌లో ఉన్నది ఒళ్ళు వేడెక్కడానికి చేసిన సెట్టు, దాన్ని అసలు లెక్కలో కలపను. "12.5 × 12, 11, 9" అంటే పన్నెండున్నర కిలోల డంబెల్స్‌తో మూడు సెట్లు చేశానని, వాటిలో వరుసగా పన్నెండు, పదకొండు, తొమ్మిది సార్లు ఎత్తానని అర్థం. ఇక "మిగులు" గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వరుస మొత్తంలో ఎక్కువమంది వదిలేసేది ఇదే. సెట్టు ఆపిన క్షణంలో, సరైన పద్ధతిలోనే ఇంకా ఎన్నిసార్లు ఎత్తగలిగి ఉండేవారో ఆ అంకెను మిగులు అంటున్నాను. ఒకరు పన్నెండు సార్లు ఎత్తి, ఇంకో నాలుగు ఎత్తగలిగే స్థితిలో ఆపుతారు. మరొకరు పన్నెండోదానికి పళ్ళు బిగబట్టి, మొహం ఎర్రబారి, అక్కడితో వదిలేస్తారు. పుస్తకంలో రెండూ "× 12" అనే ఉంటాయి, కానీ మొదటివారు బరువు పెంచుకోవచ్చు, రెండోవారు పెంచుకోకూడదు. కొత్తవారికి ఈ అంచనా మొదట్లో తప్పుతుంది, ఇంకా ఐదారు ఎత్తగలిగినా రెండే మిగిలాయనుకుంటారు. నెలకొకసారి, ప్రమాదం లేని కర్ల్ వంటి కసరత్తులో, చివరి సెట్టును నిజంగా ఇక ఎత్తలేనంతవరకు చేసి చూస్తే అంచనా దారిలోకి వస్తుంది. తల మీదికి ఎత్తే ప్రెస్‌లలో ఒంటరిగా ఉన్నప్పుడు ఈ పరీక్ష చేయకండి.

"11+1సా" అంటే పదకొండు సొంతంగా, ఒకటి పక్కనున్నవారి సాయంతో. ఈ తేడాను నిజాయితీగా రాయడం కష్టం. మిత్రుడు మోచేతుల కింద రెండు వేళ్ళు ఆనించి "నేనేం పట్టుకోలేదు, నువ్వే ఎత్తావు" అంటాడు, మనకూ ఆ మాట నమ్మాలనే ఉంటుంది. వేలు తగిలితే సాయమే అని నియమం పెట్టుకోండి. అలాగే సగం వరకే దించి ఎత్తినవాటిని లెక్కలో కలపకుండా "10+2సగం" అని రాయండి. నడుము ఊపి ఎత్తిన కర్ల్‌కూ ఇదే వర్తిస్తుంది. నొప్పి వస్తే ఏ భాగంలో, ఎన్నోసారికి వచ్చిందో రాయండి. "ఎడమ భుజం ముందు వైపు, 7వ సారి" అన్న వరుస మూడుసార్లు కనబడితే ఆ కసరత్తును ఆపి డాక్టరుకు చూపించాలి, అప్పుడు ఆ వరుసలే ఆయనకు పనికొస్తాయి. ఛాతీలో నొప్పి, తల తిరగడం వంటివి వస్తే మాత్రం రాసుకుంటూ కూర్చోకూడదు, వెంటనే ఆపి వైద్యసాయం తీసుకోవాలి.

ఎప్పుడు రాయాలి

డంబెల్ కింద పెట్టిన అర నిమిషంలో రాయాలి. మూడు సెట్లూ అయ్యాక రాద్దామనుకుంటే రెండో సెట్టు అంకె అప్పటికే జారిపోతుంది. అంకె ఎక్కడైతే జారిందో అక్కడ మనసు ఎప్పుడూ పెద్దదాన్నే పెడుతుంది. పుస్తకం బ్యాగులో కాకుండా బెంచ్ పక్కన నేల మీద తెరిచి ఉండాలి. ఒక సెట్టు రాయడం మరిచిపోతే అక్కడ గీత పెట్టి వదిలేయండి, ఊహించి నింపకండి.

రాసినదాన్ని వాడుకోవడం

క్రమంగా బరువు పెంచుతూ పోయే పద్ధతిని వైద్యంలో స్థిరపరచినవారిలో అమెరికా సైనిక వైద్యుడు థామస్ డెలోర్మ్ ముఖ్యుడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గాయపడిన సైనికుల కాళ్ళ బలం తిరిగి తేవడానికి, ఒక్కొక్కరు సరిగ్గా పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువు ఎంతో కొలిచి, దాని ఆధారంగా కసరత్తు చేయించి, మళ్ళీ మళ్ళీ కొలుస్తూ ఆయన ఆ బరువును పెంచుకుంటూ వెళ్ళాడు. ఈ పద్ధతిని 1945లో ప్రచురించాడు. ఎవరి బరువు వారికి విడిగా కొలిచి రాయకపోతే ఆ పద్ధతి ఒక్క వారం కూడా నడవదు.

మీరు చేయాల్సింది ఇది. జిమ్‌కు బయలుదేరే ముందు ఆ రోజు చేయబోయే కసరత్తుల పేజీలు తెరిచి, చివరి వరుస చూసి, దాని కింద ఆనాటి లక్ష్యాన్ని పెన్సిలుతో రాయండి. ప్రతి కసరత్తుకూ ఒక హద్దు పెట్టుకోండి, ఉదాహరణకు 8 నుంచి 12 సార్లు. బరువు మార్చకుండా, మూడు సెట్లలోనూ పన్నెండుకు చేరేవరకు ఒక్కొక్కటి పెంచుకుంటూ వెళ్ళండి. మూడింటిలోనూ పన్నెండు వచ్చి, చివరి సెట్టులో కనీసం ఒకటైనా మిగులు ఉంటే, తరువాతిసారి బరువు పెంచి మళ్ళీ ఎనిమిది దగ్గర మొదలుపెట్టండి.

డంబెల్స్‌తో ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని ముందే తెలుసుకోకపోతే లోపం తమలోనే ఉందనుకొని చాలామంది నిరాశపడతారు. స్టాండు మీద తరువాతి డంబెల్ సాధారణంగా రెండున్నర కిలోలే ఎక్కువ. కానీ 20 నుంచి 22.5కు వెళ్తే పెరిగేది పన్నెండున్నర శాతం, 10 నుంచి 12.5కు వెళ్తే ఇరవై ఐదు శాతం, 5 నుంచి 7.5కు వెళ్తే ఏకంగా యాభై శాతం. అందుకే చేతులు పక్కలకు ఎత్తే లాటరల్ రైజ్ వంటి చిన్న కసరత్తుల్లో అయిదు కిలోల దగ్గర నెలల తరబడి ఆగిపోతాం. ఇటువంటి చోట హద్దును పన్నెండుతో ఆపకుండా పద్దెనిమిది, ఇరవై వరకు పెంచుకోండి. ఆ తరువాత మూడు సెట్లనూ ఒక్కసారిగా మార్చకుండా మొదటి సెట్టును మాత్రమే కొత్త బరువుతో చేసి, "7.5 × 8, 5 × 18, 5 × 17" అని రాయండి. రెండు మూడు వారాల్లో రెండో సెట్టు, ఆ తరువాత మూడోది మారతాయి. ఇంట్లో రాడ్డుతో చేసేవారికి ఈ బాధ తక్కువ, అర కిలో, కిలో ప్లేట్లు కొని పెట్టుకుంటే మెట్టు చిన్నదవుతుంది.

బరువు పెరిగి సార్లు తగ్గినప్పుడు, నిజంగా ముందుకు వెళ్ళామా లేదా అన్న సందేహం వస్తుంది. దానికి అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో కోచ్‌గా పనిచేసిన బాయ్డ్ ఎప్లీ పేరుతో వాడుకలో ఉన్న సూత్రం ఒకటి ఉంది: ఎత్తిన సార్లను 30తో భాగించి, దానికి 1 కలిపి, వచ్చినదాన్ని బరువుతో గుణించాలి. 12.5 కిలోలతో 12 సార్లు చేస్తే 17.5 వస్తుంది, 15 కిలోలతో 6 సార్లు చేస్తే 18 వస్తుంది, అంటే రెండోది కొంచెం పైమెట్టు. పది పన్నెండు సార్లు దాటిన సెట్లకు ఈ సూత్రం అంత నమ్మదగినది కాదు. మిగులు ఎక్కువగా ఉంచి ఆపిన సెట్టుకు కూడా వాడకండి. వచ్చిన అంకె అంత బరువును ఒక్కసారి ఎత్తి చూడమని చెప్పే ఆదేశం కాదు, రెండు వరుసలను పోల్చి చూసే కొలత మాత్రమే.

విరామాలు, ఎండలు

మే నెలలో మన దగ్గర ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు, రేకుల కప్పు కింద ఉన్న జిమ్‌లో సాయంత్రం అంకెలు పడిపోతాయి. పక్కన "ఎండ" అని రెండక్షరాలు రాయండి, జూన్‌లో వానలు పడ్డాక ఆ వరుసలు చూసి కంగారు పడకుండా ఉంటారు. పగలంతా పత్తి ఏరిన రోజు, బస్తాలు మోసిన రోజు, రోజా (రంజాన్ ఉపవాసం) ఉన్న రోజు కూడా అదే విధంగా రాయండి. బతుకమ్మ, దసరాకు ఊరికి వెళ్ళినా, రెండేళ్ళకోసారి మాఘమాసంలో మేడారం జాతరకు వెళ్ళి అలిసిపోయి వచ్చినా, పేజీలో ఒక అడ్డగీత గీసి "విరామం, 12 రోజులు" అని రాయండి. రెండు వారాలు దాటిన విరామం తరువాత, పాత చివరి బరువులో పదో వంతు నుంచి అయిదో వంతు వరకు తగ్గించి మొదలుపెట్టి, ఒకటి రెండు వారాల్లో పాత వరుసను అందుకోవడం మంచిది. తగ్గించిన అంకెను రాయడానికి సిగ్గుపడి ఆ వారం పుస్తకమే తెరవనివారిని నేను చూశాను. విరామం తరువాతి వరుసలే ఇంకోసారి విరామం వచ్చినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాయి, కాబట్టి వాటిని తప్పకుండా రాయండి.

పుస్తకం నిండినప్పుడు కొత్తదాని అట్ట లోపల రాడ్డు, ప్లేట్ల తూకాలు మొదట ఎక్కించండి. తరువాత ప్రతి కసరత్తు పేజీ తల మీది వివరాలను, చివరి మూడు వరుసలను పాత పుస్తకం నుంచి చూసి రాయండి. నట్లు మార్చినా, కొత్త ప్లేటు కొన్నా మళ్ళీ కాంటా దగ్గరికి వెళ్ళి తూకం సరిచూసుకొని, పాత అంకెను ఒక్క గీతతో కొట్టేసి కొత్తది పక్కన తేదీతో సహా రాయండి.